పోనివ్వని పనితనం

శుభలేఖ చేతికి రాగానే వధూవరుల ముఖాలు చూస్తాం, అక్షరాల సోకు చూస్తాం. ఆ ముఖాలు మసకబారకుండా కాపాడిన డీటీపీ ఆపరేటర్ గుర్తుకు రాడు. అతని ప్రతిభ అందంగా దిద్దడంలో కన్నా, ఉన్నదాన్ని పోనివ్వకపోవడంలోనే ఎక్కువ ఉంది. లెక్క చూడండి. ఆఫ్‌సెట్ ముద్రణకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలన్నది ప్రెస్సుల్లో వాడుక. వాట్సాప్‌లో కుదించుకుపోయి 1600 పిక్సెళ్ల వెడల్పుతో వచ్చిన ఫొటో సుమారు అయిదంగుళాలు దాటితే ఆ లెక్కకు చాలదు. పైగా జేపెగ్ ఫైలును మార్చి మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం రాలిపోతుంది. అందుకే పని తెలిసినవాడు అసలు ఫొటోను ముట్టుకోకుండా టిఫ్‌లోనో పీఎస్‌డీలోనో కాపీ పెట్టుకుంటాడు. ఫొటో కుదించుకుపోకుండా "డాక్యుమెంట్‌గా పంపండి సార్" అని ఫోన్లో బతిమాలడం చాదస్తం కాదు.

రంగులది ఇంకో చిక్కు. తెర మీద కాంతితో వెలిగే చిలకాకుపచ్చను సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు అందుకోలేవు. పట్టుచీర రంగు ఎంత తగ్గుతుందో ముద్రణ ప్లేటు వేయకముందే అతను చూసుకోవాలి. ఇక ఏఐ ఒక్క నొక్కుతో ఫొటోను పెంచేస్తోందిగా, ఈ జాగ్రత్తంతా ఎందుకంటారా? అది పోయిన వివరాన్ని తిరిగి తేదు, ఊహించి నింపుతుంది. ఆకుల గుబురులో ఆ ఊహ చెల్లుతుంది, అమ్మమ్మ ముఖంలో చెల్లదు. నాలుగురోడ్ల కూడలిలో ఫ్లెక్సీకి ఇంత నాణ్యత అక్కర్లేదన్న మాట మాత్రం నిజమే. దూరం నుంచి చూసేదానికి తక్కువ పిక్సెళ్లు చాలు. ఎక్కడ చాలుతాయో, ఎక్కడ చాలవో అతనికి తెలుసు.