ఏడు అంగుళాల లోపల

ఇప్పటి మోటోక్రాస్ బండికి ముందు చక్రం దాదాపు 12 అంగుళాలు పైకీ కిందికీ ఆడుతుంది. జెఫ్ స్మిత్ బీఎస్‌ఏ మీద 1964, 1965లలో 500 సీసీ ప్రపంచ విజేత అయిన రోజుల్లో ఆరేడు అంగుళాలు ఆడితే గొప్ప. వెనక చక్రానికి నాలుగే. ఆ కాలపు బండ్లకు అమెరికాలో ఇప్పటికీ పోటీలు నిర్వహించే ‘ఆహ్ర్మా’ సంస్థ పాత తరగతులకు ఇదే హద్దు పెట్టింది: ముందు 7 అంగుళాలు, వెనక 4. పాత ఫోర్కును బాగుచేసే విద్యంతా ఈ హద్దు లోపలే పెరిగింది. నాకు అందులో నచ్చేదీ ఇదే. పొడవు పెంచే దారి మూసుకుపోయినప్పుడే ఫోర్క్ లోపల ఏం జరుగుతోందో మనిషి శ్రద్ధగా చూస్తాడు.

ఫోర్క్ ఎంచుకునేవాళ్లు చాలామంది ముందు పేరు చూస్తారు. 1960లలో ఇటలీ సెరియాని ఫోర్కుకు ఉన్న గిరాకీ అలాంటిది: 35 మిల్లీమీటర్ల పైపులు, అల్యూమినియం బాటమ్ కేసులు, పైపు లోపలే స్ప్రింగు. స్పెయిన్ బండ్లకు బెటోర్, బ్రిటిష్ బండ్లకు నార్టన్ రోడ్‌హోల్డర్ ఉండేవి. గ్రీవ్స్ దారి వేరు. పైపుల ఫోర్కే వద్దని, రబ్బరు బుష్‌లు మెలితిరిగి స్ప్రింగు పని చేసే లింకు ఫోర్క్ పెట్టింది. దాని మీదే డేవ్ బికర్స్ 1960, 1961లలో 250 సీసీ యూరప్ టైటిళ్లు గెలిచాడు.

పేరుకంటే ముందు చూడాల్సినవి పొడవు, టీ (రెండు పైపులనూ స్టీరింగ్‌కు పట్టి ఉంచే బిగింపు). ఫోర్క్ అంగుళం పొడవు పెరిగితే బండి ముందు భాగం లేచి, స్టీరింగ్ కోణం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ట్రెయిల్, అంటే స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటికీ చక్రం నేలను తాకే చోటికీ మధ్య దూరం, పెరుగుతుంది. తిన్నని దారిలో అది హాయిగానే ఉంటుంది, ఇరుకు మలుపులో మాత్రం చక్రం బయటికి జారిపోతుంది. పైపులు స్టీరింగ్ ఇరుసుకు ఎంత ముందుకు ఉండాలో టీ నిర్ణయిస్తుంది. ఆ దూరం తగ్గితే ట్రెయిల్ పెరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది. అందుకే వేరే బండి ఫోర్క్ తెచ్చేటప్పుడు దాని టీని కూడా కొలవకుండా డబ్బు చెల్లించకూడదు. 35 పైపుల బదులు 38 వేస్తే, గోడ మందం అదే అయినా, వంగకుండా నిలిచే బలం పావు వంతుకు పైగా పెరుగుతుంది. గుంతల్లో గీత తప్పని చక్రం కావాలంటే ఆ మూడు మిల్లీమీటర్ల తేడా నిజంగా విలువైనది.

అసలు పని ఫోర్క్ లోపల ఉంది. ఆ కాలపు ఫోర్కుల్లో ఎక్కువ వాటికి డ్యాంపర్ రాడ్ ఉంటుంది. దాని అడుగున ఉన్న రంధ్రాల గుండా ఆయిల్ దూరుతూ చక్రం వేగాన్ని అదుపు చేస్తుంది. రంధ్రం సైజు మారదు కాబట్టి వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది. బ్రేకు వేస్తే ముందుభాగం మెత్తగా కుంగిపోయేదీ, రాయి తగిలితే బిగుసుకుని మణికట్లను కుదిపేదీ ఒకే ఫోర్క్ కావడానికి కారణం ఇదే. మన మైసూరు జావా, యెజ్దీల కాలం నుంచీ షెడ్డుల్లో ఫోర్క్ మెత్తబడితే చిక్కటి ఆయిల్ పోస్తుంటారు. కుంగడం తగ్గుతుంది, రాయి దెబ్బ మాత్రం ఇంకా గట్టిగా తగులుతుంది.

దీనికి మంచి విరుగుడు ఎమ్యులేటర్ అనే చిన్న వాల్వు. డ్యాంపర్ రాడ్ నెత్తిన కూర్చుంటుంది, మెయిన్ స్ప్రింగే దాన్ని అదిమి పడుతుంది. రాడ్ అడుగు రంధ్రాలను పెద్దవి చేస్తే ఆయిల్ అక్కడ ఆగకుండా వాల్వు దాకా వెళ్తుంది. నెమ్మది కదలికను వాల్వు ఆపుతుంది, పెద్ద దెబ్బకు తన చిన్న స్ప్రింగు మీద తెరుచుకుంటుంది. ఇక ఆయిల్ చిక్కదనంతో ఫోర్క్ తిరిగి లేచే వేగాన్ని మాత్రమే సరిచూసుకుంటే చాలు. స్ప్రింగు తీసి, ఫోర్క్ పూర్తిగా నొక్కి, పైపు అంచు నుంచి ఆయిల్ మట్టం కొలవాలి. మట్టం పెంచితే పైన గాలి తగ్గి, చివరి రెండు అంగుళాలు గట్టిపడతాయి. దూకి దిగేటప్పుడు అడుగుకు కొట్టుకునే ఫోర్కుకు ఇంతకంటే చవక మందు లేదు.

ఇవన్నీ తిన్నని పైపులున్నప్పటి మాట. పైపును అద్దం మీద దొర్లిస్తే వంకర కంటికే కనిపిస్తుంది. బిగింపులోనూ ఓ జాగ్రత్త ఉంది. ఇరుసు నట్టు బిగించాక, బాటమ్ కేసు బోల్టు బిగించే ముందు ఫోర్కును నాలుగైదు సార్లు గట్టిగా నొక్కి వదలాలి. అప్పుడే కాళ్లు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా కుదురుకుంటాయి. ఈ ఒక్క పని మరిచితే ఖరీదైన వాల్వు కూడా రాపిడిలో మునిగిపోతుంది.

పాత సీజెడ్ మోటోక్రాస్ బండికి నేటి తలకిందుల ఫోర్క్ తగిలించేవాళ్లను చూస్తే బాధేస్తుంది. వెనక నాలుగు అంగుళాలే ఆడే ఫ్రేముకు ముందు పన్నెండు ఇస్తే రెండు చివరలూ ఒకే దారిలో నడవవు, పాత వెల్డింగుల మీద కొత్త బరువు పడుతుంది. 1973లో హోకన్ ఆండర్సన్ వెనక ఒకే షాకు ఉన్న యమహా మోనోషాక్ మీద 250 సీసీ టైటిల్ గెలిచాక, మైకో లాంటి కంపెనీలు వెనక షాకులను ముందుకు జరిపాక పొడవుల పోటీ మొదలైంది. దాంతోపాటు ఫ్రేములూ మారాయి.

ఎమ్యులేటర్ కోసం రాడ్ రంధ్రాలు పెద్దవి చేసేటప్పుడు మాత్రం బండితో వచ్చిన రాడ్లను ముట్టుకోకుండా గుడ్డలో చుట్టి దాచి, పాత సామాన్ల మార్కెట్లో దొరికిన మరో జతకే డ్రిల్లు పెట్టండి. తర్వాతి యజమానికి ఆ ఫోర్కును అసలు రూపానికి తెచ్చుకునే వీలుంటుంది.