చిత్తప్రసాద్ గీతలు: స్వతంత్రతా, నిబద్ధతా

మన ప్రగతిశీల విమర్శలో ఒక అలవాటు ఎప్పటినుంచో ఉంది. రచయిత గాని, కళాకారుడు గాని ఉద్యమ నిర్మాణంలో ఉన్నంతకాలం అతని కృషిని వివరంగా పరిశీలిస్తాం. బయటికి వచ్చిన తర్వాత చేసిందాన్ని ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేస్తాం. బెంగాలీ చిత్రకారుడు చిత్తప్రసాద్ (1915-1978) విషయంలోనూ ఇదే జరిగింది. 1943 కరువు బొమ్మలు వేసిన చిత్తప్రసాద్‌ను అందరూ స్మరిస్తారు. ఆ తర్వాత ఆయన బతికిన ముప్పై అయిదేళ్ల గురించి మాట్లాడేవారు తక్కువ. ఆ కాలాన్ని కూడా కలుపుకుని చూస్తే తప్ప కరువు బొమ్మల విలువ సైతం మనకు పూర్తిగా అందదని నా అభిప్రాయం.

చిత్తప్రసాద్ 24 పరగణాల జిల్లా నైహతిలో పుట్టి, చిట్టగాంగ్‌లో చదువుకున్నాడు. ఏ ఆర్టు స్కూలులోనూ క్రమమైన శిక్షణ పొందలేదు. భట్టాచార్య అనే ఇంటిపేరు కులాన్ని చెబుతుంది గనుక దాన్ని వదిలేసి, ఉత్త చిత్తప్రసాద్‌గానే మిగిలాడు. 1930ల చివర ఉద్యమంలోకి వచ్చాడు. అప్పటి కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పి.సి. జోషి ఆయన శక్తిని గుర్తించి పార్టీ పత్రికలకు పని చేయించాడు.

1943 నవంబరులో ఆయన మిడ్నపూర్ జిల్లాలో పర్యటించాడు. అంతకు ముందు ఏడాది అక్టోబరు తుపాను దెబ్బతో అప్పటికే ఆ జిల్లా కుదేలై ఉంది. ఆ పర్యటనలో గీసిన బొమ్మలకు తన కథనాన్ని జోడించి 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకంగా తెచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం 5,000 ప్రతులను స్వాధీనం చేసుకుని తగలబెట్టింది. కుటుంబం దాచుకున్న ప్రతి ఒకటి బతికి బయటపడింది. దాని ఆధారంగానే 2011లో పునర్ముద్రణ వచ్చింది.

సుమారు 30 లక్షల మందిని మింగిన కరువది. అంత పెద్ద సంఖ్య ఎదుట కళాకారుడికి ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. కనిపించిన ప్రతి శరీరమూ 'ఆకలి'కి ప్రతీకగా మారిపోతుంది, మనిషి మాయమవుతాడు. చిత్తప్రసాద్ ఈ ప్రమాదాన్ని ఎలా తప్పించుకున్నాడన్నది విద్యార్థులు గమనించవలసిన విషయం. ఆయన తాను గీసినవారి పేర్లు అడిగి రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు, వాళ్లకేం జరిగిందో రాసుకున్నాడు. బొమ్మలో ఎముకలు ఎంత స్పష్టమో కింద పేరు కూడా అంత స్పష్టం. కరువు ప్రకృతి వైపరీత్యమని పాలకులు చెబుతున్న రోజుల్లో, ఫలానా ఊళ్లో ఫలానా మనిషి అన్నం లేక చచ్చిపోయాడని పేరు పెట్టి చెప్పడం సాక్ష్యమవుతుంది. సాక్ష్యం గనుకనే దాన్ని తగలబెట్టారు.

ఇవి పత్రికల కోసం వేసిన బొమ్మలే గాని కళ కాదని శుద్ధ కళావాదులు అనవచ్చు. ఆ బొమ్మల శిల్పాన్ని నిర్ణయించింది పత్రికే, నిజమే. చవక కాగితం మీద నీడల అంతరాలన్నీ పట్టించే హాఫ్‌టోన్ బ్లాకు కంటే లైను బ్లాకు చౌక, స్పష్టం. అందుకని బ్రష్షుతో, నల్ల సిరాతో, దళసరి గీత గీశాడు. అలుకుడు నీడలు లేవు, అలంకారం లేదు. పాఠకుడెవరో, ప్రతి ఖర్చెంతో తెలిసి చేసిన ఎంపిక అది. వస్తువు శిల్పాన్ని నిర్ణయిస్తుందని మనం తరచూ అంటాం. ముద్రణ ఖర్చూ, పాఠకుడి జేబూ కూడా శిల్పాన్ని నిర్ణయిస్తాయని చిత్తప్రసాద్ నుంచి నేర్చుకోవాలి.

ఆయనలోని డిజైనర్ ఇక్కడే పుట్టాడు. 1943లో బొంబాయిలో ఏర్పడిన ఇప్టాకు చిహ్నం గీసింది ఆయనే. నగారా మోగిస్తున్న మనిషి బొమ్మ అది. అదే ఏడాది తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఇప్టా ఆంధ్ర శాఖగా ప్రజా నాట్యమండలి పల్లెలు తిరిగింది. చిత్రకారుడి పేరు తెలియనివారికి కూడా ఆ నగారా తెలుసు. పేరు లేకుండా జనంలో కలిసిపోవడం డిజైనర్ పనికి దక్కే గౌరవం. మన విమర్శ దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

1948లో పార్టీ పంథా మారింది, జోషి నాయకత్వం పోయింది. ఆ తర్వాత చిత్తప్రసాద్ క్రమంగా పార్టీకి దూరమయ్యాడు. బొంబాయి శివారు అంధేరీలో ఒంటరిగా, పేదరికంలో దశాబ్దాలు గడిపాడు. గ్యాలరీల వెంట పడలేదు. లినోకట్లు చెక్కాడు, పోస్టర్లు వేశాడు, పుస్తకాలకు బొమ్మలు గీశాడు. 'ఖేలాఘర్' పేరిట బొమ్మలాట బృందం నడిపి, ఆ బొమ్మలు తానే తయారు చేశాడు.

లినోకట్ గురించి ఒక మాట. లినోలియం రేకు మీద ఉలితో తొలిచిన మేర కాగితం మీద తెల్లగా మిగులుతుంది, తొలవని మేర సిరా పట్టి నల్లగా పడుతుంది. ప్రెస్సు లేకపోయినా చెంచా వెనకవైపుతో రుద్ది అచ్చు తీయవచ్చు. ఒక్క రేకు నుంచి ఎన్నో ప్రతులు వస్తాయి. ఒకే ఒక్క 'అసలు' బొమ్మను ధనికుడి గోడకు అమ్మే కళకు ఇది పూర్తిగా ఎదురు. పార్టీ వదిలిన తర్వాత కూడా చిత్తప్రసాద్ ఈ మాధ్యమాన్ని వదలలేదు. తన బొమ్మ ఎవరి చేతికి అందాలన్న ప్రశ్నకు ఆయన జవాబు మారలేదన్నమాట.

ఆయన పనంతా ఒకే స్థాయిలో ఉందని నేననను. శాంతి ఉద్యమ కాలపు పోస్టర్లు కొన్నింటిలో మనుషులు నమూనాలవుతారు. బిగించిన పిడికిలి, పావురం, తల్లీ బిడ్డా ముందే సిద్ధం చేసిపెట్టిన అచ్చుల్లా వచ్చి నిలబడతాయి. మిడ్నపూర్‌లో పేరు అడిగిన కళాకారుడు ఇక్కడ పేరు అడగలేదనిపిస్తుంది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన గీతకు ప్రాణం రాదు. ఇది మన నినాద కవిత్వానికీ వర్తించే మాటే.

బాలకార్మికుల మీద ఆయన చెక్కిన లినోకట్ల వరుస ఇందుకు భిన్నమైంది. 1969లో యునిసెఫ్ డెన్మార్క్ కమిటీ దాన్ని 'ఏంజెల్స్ వితౌట్ ఫెయిరీ టేల్స్' పేరుతో ప్రచురించింది. ఈ పిల్లలకు పేర్లు రాయలేదు. అయితే ప్రతి బిడ్డ చేతిలో ఒక నిర్దిష్టమైన పని ఉంది, ఆ పనికి తగినట్టు వంగిన వెన్ను ఉంది. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ బొమ్మలు చూపినప్పుడు ఎవరూ 'పాపం' అనలేదు. అది ఏం పని, రోజుకెంత ఇస్తారు అని అడిగారు. జాలి దగ్గర ఆగకుండా కూలి దాకా వెళ్లే ప్రశ్న పుట్టించడం వాస్తవికత సాధించగల పెద్ద విజయం. ఈ పని చేసింది పార్టీ సభ్యుడు కాని చిత్తప్రసాద్.

అలాగని సంస్థ అక్కర్లేదని వాదించడానికి ఆయన్ని ఉదాహరణగా వాడుకోవడం అన్యాయం. నడిచి వెళ్లడానికి మిడ్నపూర్‌ను, అచ్చు వేయడానికి పత్రికను, చూడడానికి వేలాది పాఠకులను ఇచ్చింది ఉద్యమమే. ఆ ఆధారం పోయాక పని ఆగలేదు గాని, చూసేవాళ్లు తగ్గారు. 1972లో ఆయన మీద చెక్ దర్శకుడు పావెల్ హోబుల్ సినిమా తీశాడు. మనం అప్పటికి ఆయన్ని దాదాపు మరిచిపోయాం. స్వతంత్ర కళాకారుడి ఒంటరితనాన్ని త్యాగమని పొగడడం సులువు. ఆ ఒంటరితనంలో మన వాటా ఎంత అని అడగడం కష్టం.

ఈ రోజు ఆయన బొమ్మలను గ్యాలరీలు ప్రదర్శిస్తున్నాయి, వేలంలో కొంటున్నారు. 2011 పునర్ముద్రణ తెచ్చింది కూడా ఢిల్లీలోని ఒక గ్యాలరీయే. ఆ పని మనం చేయలేదు గనుక వాళ్లను నిందించే హక్కు మనకు లేదు. చవకగా జనానికి అందాలని చేసిన కళ అరుదైన సరుకుగా మారిపోతుంటే, దాన్ని తిరిగి చవక కాగితం మీదికి తేవలసిన బాధ్యత మన సంఘాలది, మన పత్రికలది. కథల పక్కన ఖాళీ నింపడానికి బొమ్మ వేయించుకునే మన సంపాదకులు ఆ బొమ్మ గీసినవారి పేరు కూడా అచ్చు వేయడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.