ఆక్టోపస్ మెచ్చిన గవ్వ

ఈ వారం విశాఖ బీచ్ రోడ్డులో ఒక దుకాణం ముందు మనసు చివుక్కుమంది. పిడికిలంత పులిగవ్వలు, వాటికి వార్నిష్ పూత, ఆపైన బంగారు రంగులో పేర్లు! బతికున్నంతకాలం ఆ గవ్వలోని నత్త తన మెత్తటి ఒంటిపొరను రెండువైపుల నుంచీ చిప్ప మీద కప్పుకుని, నిగ్గు తానే పోసుకుంటుంది. దానికి మెరుపు అరువు తేవాలా? ప్రకృతి ముగించిన పనిలో చెయ్యి పెట్టకూడదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. ఈసారీ అదే రాద్దామని కూర్చుంటే హవాయి జాలరులు గుర్తొచ్చారు.

పులిగవ్వల్లో అతి పెద్దవి హవాయివే. 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. అక్కడి జాలరులు గవ్వనూ రాతి బరువునూ ఒక పుల్లకు కట్టి, ఎముక కొక్కెం అమర్చి, పడవలోంచి లోతునీళ్లలోకి దించి ఆడించేవారు. ఆక్టోపస్ వచ్చి గవ్వను వాటేసుకోగానే తాడు లాగేవారు. ఏ గవ్వకు పడితే ఆ గవ్వకు అది రాదనేవారు. వీపున ఎర్రటి ఛాయ ఉండాలి, చుక్కలు సన్నగా ఉండాలి. అలాంటిది దొరక్కపోతే చెరకు పిప్పి మంట మీద ఆవిరి పట్టి రంగు తెప్పించేవారని హవాయి రచయిత్రి ఎమ్మా మెట్‌కాఫ్ బెక్లీ 1883లోనే రాశారు.

అక్కడి జానపద కథలో కెఆఉ అనే జాలరి దగ్గర ఒక గవ్వ ఉంటుంది. చూపిస్తే చాలు, ఆక్టోపస్‌లు పడవలోకి ఎక్కేవి. ఉమి రాజు దాన్ని లాక్కున్నాడు. కెఆఉ మరో గవ్వ వెతుక్కోలేదు. మంచి దొంగ కోసం దీవి దీవీ తిరిగి, చివరికి ఇవా అనే కుర్రాడి చేత దాన్నే దొంగిలించి తెప్పించుకున్నాడు. నీళ్లలో నెగ్గిన గవ్వకు బదులు ఇంకొకటి ఉండదని అతనికి తెలుసు.

కాబట్టి చెయ్యి పెట్టడం తప్పు కాదు. ఆవిరి పట్టిన జాలరి, రంగు కుదరకపోతే ఆ పూట వట్టి చేతులతో ఇంటికి వెళ్లాలి. అందుకే గవ్వను అంత తేరిపార చూశాడు. వార్నిష్ పూసినవాడి పనికి అలాంటి పరీక్ష లేదు. గవ్వ వంక చూడాల్సిన అవసరమూ రాలేదు. ఇకమీదట ఏ వస్తువు మీద మెరుగు కనిపించినా, ఎవరు ముట్టుకున్నారని అడగను. ఆ పనిని ఎవరు పరీక్షించారని అడుగుతాను.