గోల్ట్‌జియసు పతనచిత్రములు

హార్లెము నగరవాసియగు హెండ్రికు గోల్ట్‌జియసు 1588లో, కార్నెలిసు వాన్ హార్లెము రచనల ననుసరించి, నాలుగు వృత్తాకారచిత్రములను తామ్రఫలకములపై జెక్కి యచ్చొత్తెను. టాంటలసు, ఇకారసు, ఫేథను, ఇక్సియను అను నలువురును గ్రీకుపురాణములందు మేర మీరి చెడినవారు.

ఒకే దేహమును నలువైపులనుండి త్రిప్పి చూపుటయే యిందలి నేర్పని యనువారు గలరు. అది చాలని మాట. గీత నడుమ బలిసి కొనల సన్నగిలుచు కండలను దేల్చుచున్నది. ఈ బలిమి యొక్కొకచో నతిమాత్రమై, పడువానికి మారుగా మల్లుడే స్ఫురించుననుటయు నిజమే.

అంచును జుట్టివచ్చు లాటినుపద్యములు గర్వమును గర్హించుచున్నవి. చిత్రమధ్యమున గర్వ మెక్కడిది? అపరాధము గడచినది, పతనము ముగియలేదు. వీరు పతితులు గారు, పడుచున్నవారు. క్తప్రత్యయమునకును శతృప్రత్యయమునకును గల భేద మిదియే. పద్యము నిష్ఠార్థమును బట్టుకొని తీర్పు చెప్పగా చిత్రము వర్తమానమున నిలిచి జాలి గొలుపుచున్నది. పద్యము చదివిన పిదప నా జాలి కొంత సన్నగిలును.