ఆసుపత్రి చాప్లిన్‌ యోగ్యతకు కొలబద్ద ఏది?

‘చాప్లిన్’ అన్న మాటకు తెలుగులో దీటైన పదం దొరకదు. ఆ మాట చర్చిలో పుట్టినది. ఇస్లాంలో పౌరోహిత్యమే లేదు. రోగిని పరామర్శించడం, అంటే ఇయాదత్, ముస్లింపై తోటి ముస్లింకు గల హక్కు. అయినా అమెరికా, బ్రిటన్ ఆసుపత్రులలో నేడు ముస్లిం చాప్లిన్లు జీతంపై పనిచేస్తున్నారు. వారి యోగ్యతను నిర్ణయించేదెవరు?

అమెరికాలో బోర్డు ధ్రువీకరణకు స్నాతకోత్తర విద్య, ఒక్కొక్కటి 400 గంటల చొప్పున నాలుగు యూనిట్ల క్లినికల్ శిక్షణ, ఆపైన 2000 గంటల అనుభవం, స్వమత సంస్థ ఆమోదపత్రం కావాలి. అన్ని ఆసుపత్రులూ దీనికి పట్టుపట్టవు. బ్రిటన్‌లోనైతే రిజిస్టరే స్వచ్ఛందం.

ఆమోదపత్రం షరతు చర్చి వ్యవస్థను చూసి రాసినది. బిషప్పు లేని సమాజంలో దానినెవరివ్వాలి? ఇస్నా వంటి సంస్థలు ఇస్తున్నాయి, మంచిదే. కాని వారి సంతకం కింద ఏ విద్య ఉన్నదో రోగికి తెలియదు. ఏళ్ల తరబడి దర్సె నిజామీ చదివిన ఆలిం తన చదువు ఆ స్నాతకోత్తర విద్యకు సమానమని విడిగా రుజువు చేసుకోవలసివస్తుంది. ఇది అన్యాయమే.

అయితే క్లినికల్ శిక్షణను తోసిపుచ్చేవారితో నేను ఏకీభవించను. ఫిఖ్హ్ గ్రంథాలలో రోగి నమాజు అధ్యాయం చదివినవానికి తయమ్ముమ్ తెలుసు, సైగలతో నమాజు తెలుసు. వెంటిలేటరు తీయాలా వద్దా అని విలపించే కుటుంబం ముందు ఎంతసేపు మౌనంగా కూర్చోవాలో ఆ అధ్యాయం చెప్పదు. ఇక ఆ శిక్షణలో రోగితో జరిగిన సంభాషణను జ్ఞాపకం నుండి రాసి సహవిద్యార్థుల ముందు పెట్టే పద్ధతి ఉన్నది. పేరు దాచినా, రోగి మాట అమానతే కదా! దీనిపై మన ముఫ్తీలు వివరంగా రాయవలసి ఉన్నది.