పోరుమామిళ్ళ చెరువు శాసనము – ఒక పద్ధతి విచారణ

మానవసమాజమునకును ప్రకృతికిని గల సంబంధమును పరిశోధించువారిలో కొందరు నేలను, నీటిని, వర్షపాతమును కొలుతురు. మరికొందరు రాజులను, దానములను, ఆచారములను చదువుదురు. ఈ రెండు మార్గములును కలిసికొనవలసిన చోటు చెరువు. కావున చెరువును గూర్చిన ఒక ప్రాచీన శాసనమును, ఉమ్మడి వనరులను గూర్చిన ఒక ఆధునిక గ్రంథమును ఎదురెదురుగ నుంచి, ఏది దేనిని చూచినదో, దేనిని విడిచినదో విచారింపదలచినాము.

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు కట్టించెను. క్రీ. శ. 1369 నాటి దాని సంస్కృత శాసనమును సుక్తంకర్ పండితుడు 'ఎపిగ్రాఫియా ఇండికా' పదునాలుగవ సంపుటమున ప్రకటించెను. దినమునకు వేయిమంది చొప్పున రెండేండ్లు పనిచేసిరనియు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు నడచెననియు అందు కలదు. చెరువునకు వలసిన పన్నెండు అంగములును, తగని ఆరు దోషములును చెప్పబడినవి.

ఈ పట్టికను ప్రాచీన జలశాస్త్రమునకు నిదర్శనముగా మెచ్చుకొని ఊరకుండుట చాలదు. దోషములను పరిశీలింపుడు. కట్టనుండి నీరూరుట, చవుడునేల, చెరువు నడుమ మిట్ట యుండుట – ఇవి కట్టడమునకును నేలకును సంబంధించినవి. రెండు రాజ్యముల పొలిమేరయందుండుట రాజకీయమైనది. నీరు కొంచెమై పొలము విస్తారమగుట, నీరు మిక్కుటమై పొలము స్వల్పమగుట అను రెండు దోషములు మాత్రము నీటియందును లేవు, పొలమునందును లేవు, వాని పొందికయందున్నవి. ప్రకృతిని, సమాజమును వేరుచేసి కొలుచువారికి ఇట్టి దోషము కనబడదు.

అయినను ఈ పట్టికకును ఒక కొరత కలదు. పన్నెండు అంగములలో రాజు కలడు, జలశాస్త్రవేత్త కలడు, నేర్పరులగు పనివారు కలరు. నీరు పారించుకొను రైతు లేడు, తూము కాచు నీరుగంటి లేడు. కట్టించువాని దృష్టి కట్ట పూర్తియగుటతో ముగిసినది.

ఇక ఆధునికులు. 1968లో గారెట్ హార్డిన్ ఉమ్మడి పచ్చికబయలు తప్పక నశించునని వాదించెను. కాని ఆ బయలు ఊహాకల్పితము. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ప్రకటించిన 'గవర్నింగ్ ది కామన్స్' గ్రంథమున వలెన్సియా కాలువలను, స్విట్జర్లండులోని టోర్బెల్ గ్రామమును, ఫిలిప్పీన్స్ రైతుసంఘములను పరిశీలించి, చిరకాలము నిలిచిన ఏర్పాట్లకు ఎనిమిది సూత్రములు నిరూపించెను. శ్రీలంకలోని కిరింది ఓయ వంటి విఫలోదాహరణములను గూడ ఆమె దాచలేదు. కాపలా, క్రమముగా హెచ్చు శిక్ష, తగవుల పరిష్కారము – శాసనపు పట్టిక విడిచిన మనుష్యులెల్లరు ఇచ్చట ప్రత్యక్షమగుదురు. అయితే మన్ను, రాయి, వాగు మాత్రము, నియమములు స్థలమునకు తగియుండవలెనను ఒక్క సూత్రమున అణగిపోయినవి.

ఈ రెంటిని తొందరపడి సమన్వయింపరాదు. శాసనము చెప్పిన పొలిమేర రాజ్యములది; ఆస్ట్రమ్ చెప్పిన హద్దు వాడుకొనువారిది. శాసనపు పట్టిక విధి. ఆమె సూత్రములు దృష్టాంతములనుండి తేలినవి. విధిని ఆచరణమని చదువుట మన పరిశోధనలలో సులభముగా దొరలు పొరపాటు.

కావున చెరువు శాసనమును చేపట్టు విద్యార్థి ప్రతిష్ఠాపకుని కీర్తితో తృప్తిపడక, పూడిక ఎవరు తీసిరి, గండి పడినప్పుడు ఎవరు పూడ్చిరి, కరవునాడు నీరు ఎవరికి ముందు పారెనని అడుగవలెను. ఆ ప్రశ్నలకు సమాధానము ఒక్క శిలపై దొరకదు. గ్రామ కైఫీయతులయందును, ఆయకట్టు పొలములయందును వెదకవలసియుండును.