వార్తావాక్యము – ఆప్తవాక్యము

ఆప్తుడను మాటకు దగ్గరి చుట్టమనియు, మేలుకోరు మిత్రుడనియు నేడు మనము అర్థము చెప్పుకొనుచున్నాము. తర్కశాస్త్రమున ఈ పదమునకు వేరొక విలువ కలదు. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను అంగీకరించిరి. వానిలో శబ్దము, అనగా ఒకరు చెప్పగా విని తెలిసికొనుట, చెప్పినవాడు ఆప్తుడైనపుడే ప్రమాణమగును. న్యాయసూత్రములకు భాష్యము రచించిన వాత్స్యాయనుడు చుట్టరికమును గాని జాతిని గాని ఆప్తునకు లక్షణముగా చెప్పలేదు. విషయమును తాను స్వయముగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లే తెలుపవలెనను కోరికతో మాటలాడువాడు ఆప్తుడనియు, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమే యనియు ఆయన నిర్ణయించెను. పత్రికారచయితకును, ఆకాశవాణిలో వార్తలు చదువువారికిని, హెచ్చరికలు వెలువరించు అధికారికిని ఇంతకంటె మేలైన ఒరగల్లు లేదని నా తలంపు. ఆ ఒరగల్లుపై మన వార్తాభాషను గీసి చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

సుఖకాలమున ఈ పరీక్ష అంతగా అవసరము కాదు. రేపు ఏమగునో తెలియని దినములలోనే మాటకు విలువ తేలును. చెన్నపురికి అట్టి దినములు క్రొత్త కావు. 1914 ఏప్రిల్ 1న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక ఈ నగరమున దినపత్రికగా వెలువడసాగెను. ఆరు నెలలైనను నిండకమునుపే, సెప్టెంబరు 22 రాత్రి, జర్మను యుద్ధనౌక ఎమ్డెను ఈ రేవుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. నౌక వెడలిపోయినను భయము వెడలిపోలేదు. వేలాది జనులు ఊరు విడిచిరి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినపుడును నగరము చాలవరకు ఖాళీ యయ్యెను. ఆ రెండు వేళలను జనులు ఎదురుచూచినది ఓదార్పు మాటల కొరకు కాదు. ఉండవలెనో పోవలెనో తేల్చుకొనుటకు ఆధారమైన మాట కొరకు.

అట్టి మాట దొరకనపుడు వదంతి పుట్టును. సంస్కృతమున ‘వదంతి’ అను క్రియారూపమునకు ‘చెప్పుచున్నారు’ అని అర్థము. ఎవరు చెప్పుచున్నారో అందు లేదు. కర్త మరుగుపడిన వాక్యమే వదంతి యని మనము గ్రహింపవచ్చును. ఇక నేటి వార్తలను చూడుడు: ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’. ఎవరికి తెలిసినది? ఎవరిచ్చిన సమాచారము? ఆ వర్గములు ఎవ్వి? మంచి దుస్తులు తొడిగిన వదంతులుగాక ఇవి మరేమి?

తెలుగునకు ఈ దోషమునుండి తప్పించుకొను సాధనము పుట్టుకతోనే కలదు. ‘వాన వచ్చెను’ అన్నవాడు చూచినవాడు. ‘వాన వచ్చెనట’ అన్నవాడు విన్నవాడు. ‘వాన వచ్చునేమో’ అన్నవాడు ఊహించువాడు. ఈ భేదమును తరగతిలో నేను బోధింపనక్కరలేదు; బాలురు బడికి రాకమునుపే ఎరుగుదురు. అయినను మన వార్తారచనలో ‘అట’ ఎదుటివానిని పరిహసించుటకే మిగిలినది. చూచినదియు విన్నదియు ఊహించినదియు ఒకే క్రియతో ముగియుచుండగా పాఠకుడు దేనిని ఎంత నమ్మవలెనో ఎట్లు ఎరుగును?

2015వ సంవత్సరపు వరదలు ఇందులకు నిదర్శనము. డిసెంబరు 2 ఉదయమునకు ముగిసిన ఇరువది నాలుగు గంటలలో తాంబరమున 49 సెంటీమీటర్ల వాన కురిసెను. సిబ్బంది ముద్రణాలయము చేరలేక, 1878లో స్థాపితమైన హిందూ పత్రిక ఆ దినమున చెన్నైలో వెలువడలేదు. పత్రిక రాని ఇంటికి వాట్సాప్ సందేశములు వచ్చెను. మొసళ్ల ఉద్యానమునుండి మొసళ్లు తప్పించుకొనినవనియు, కనివిని యెరుగని వాన కురియబోవుచున్నదని అమెరికా దేశపు నాసా చెప్పినదనియు ఆ వానల దినములలో ప్రచారము సాగెను. రెండును అసత్యములే. వానిని పంపినవారు శత్రువులు కారు. మేనమామలు, పిన్నమ్మలు, పొరుగువారు. లోకవ్యవహారమందలి ఆప్తుడు తర్కశాస్త్రమందలి ఆప్తుని స్థానము నాక్రమించెను. ప్రేమ కలదు, ఎరుక లేదు.

అధికార ప్రకటనలలో ఎరుక కలదు. కాని అన్నివేళల విన్నవానికి అందలేదు. చెంబరంబాక్కము చెరువునుండి అడయారు నదిలోనికి సెకనుకు 29 వేల ఘనపుటడుగుల నీరు వదలిరనునది అధికారులు చెప్పిన లెక్క. సైదాపేటలోనో కొట్టూరుపురములోనో నదియొడ్డున కాపురమున్న గృహిణికి ఘనపుటడుగులతో ఏమి పని? తన వీధికి నీరు వచ్చునా, ఎన్ని గంటలకు వచ్చును, ఎచ్చటికి పోవలెను అనునవి ఆమెకు కావలసినవి. సత్యమైనను ప్రయోజనపడని మాట ఆప్తవాక్యము కానేరదు.

దీనికి ప్రతిగా ఒక మంచి ఉదాహరణము కూడ మన నగరముననే కలదు. 2016 మార్చిలో పదవీ విరమణ చేసిన ఎస్. ఆర్. రమణన్‌గారు నుంగంబాక్కము వాతావరణ కేంద్రమునుండి ప్రతిదినము మాటలాడుచుండగా బడిపిల్లలు సైతము చెవి యొగ్గి వినెడివారు. ‘ఒకటి రెండు చోట్ల’ అనునది ఆ శాఖవారి భాషలో సందిగ్ధోక్తి కాదు. వర్షమాపక కేంద్రములలో నాలుగవ వంతుకు మించకుండ అని దాని అర్థము. ‘కొన్ని చోట్ల’ యనగా సగము వరకు. ‘భారీ వర్షము’ యనగా దినమునకు 64.5 మిల్లీమీటర్లకు తక్కువ కానిది. అనిశ్చయమునకు సైతము కొలత కలదన్నమాట. చెప్పిన వాన రానినాడు జనులు నవ్విరి. మరునాడు మరల ఆయన మాటయే వినిరి. తనకు తెలిసినంత మేరకే పలికినవాడు తప్పినను చులకన కాడు.

ఆ మాట మన తెలుగిండ్లకు ఎట్లు చేరుచున్నది? ఇచటి వృద్ధులలో పలువురు తెలుగు మాత్రమే చదువగలరు. 2006 నాటి తమిళాభ్యసన చట్టము పిమ్మట మనుమలు తమిళము చదువుచున్నారు. ‘ఒకటి రెండు చోట్ల భారీ వర్షము కురియవచ్చును’ అను తమిళ ప్రకటనను మనుమడు తాతగారికి తెలుగున చెప్పునపుడు ‘చెన్నైలో భారీ వర్షము కురియును’ అని మారుట ఎంతో సులభము. ‘వచ్చును’ జారిపోవుటతో భయము ప్రవేశించును. ఆ తాతగారే మరల తన చుట్టములకు ఫోనులో చెప్పుదురు.

కావున మాటలతో జీవించువారు పాటింపవలసిన నియమములు నాకు నాలుగు తోచుచున్నవి. చూచినదానిని, విన్నదానిని, ఊహించినదానిని వేరువేరు క్రియలతో చెప్పవలెను. వాక్యమునకు కర్తను మరుగుపరుపరాదు. తెలియనిదానిని తెలియదనుచు, మరల ఎప్పుడు చెప్పగలరో ఆ వేళను తెలుపవలెను. తప్పు దొరలినచో తప్పు పడిన చోటనే, అంత పెద్ద అక్షరములతోనే, దిద్దుకొనవలెను. తెలియదన్నచో గౌరవము పోవునని జంకువారు కలరు. తెలియక తెలిసినట్లు పలికి పట్టుబడినవానికి పోవు గౌరవముతో పోల్చినచో అది స్వల్పము.

మన సంఘములకును ఇందు పాలు కలదు. రాబోవు వానకాలమునకైనను హెచ్చరికలను ‘వచ్చును’, ‘రావచ్చును’, ‘వచ్చునట’ అను భేదము చెడకుండ తెలుగున నాలుగు వాక్యములలో వ్రాసి సభ్యులకు పంపు ఇద్దరు ముగ్గురు దొరకిన చాలును. దానికి పాండిత్యము అక్కరలేదు, జాగ్రత్త కావలెను. చుట్టరికము చేత మనమెట్లును ఆప్తులమే. మాట చేతకూడ ఆప్తులమగుదుము గాక.